ఇచ్చిన చేతికి పాపం లేదా?

మార్కాపురం నుంచి దోర్నాల దాటితే నల్లమల అడవి. అక్కడి చెంచు గూడేల్లో విల్లంబు తరతరాల ఆస్తి. వేటను 1972 నాటి వన్యప్రాణి చట్టం కట్టడి చేసింది. కానీ ఆయుధాల చట్టంలోని వయసు నిబంధన తుపాకులకూ తూటాలకే వర్తిస్తుంది కాబట్టి, కొడుక్కి విల్లు పట్టడం నేర్పే తండ్రికి అది అడ్డురాదు.

తుపాకీ దగ్గర మాత్రం చట్టం కఠినంగా ఉంది. 1959 ఆయుధాల చట్టం 9వ సెక్షన్ మొదట పదహారేళ్లు నిండనివారికి తుపాకీ కూడదంది. 1983 సవరణ ఆ వయసును 21కి పెంచింది. నిబంధనలకు లోబడి శిక్షణ పొందేవారికి కొంత వెసులుబాటు ఉంచింది. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. ఎదుటివాడికి వయసు చాలదని తెలిసి గానీ, అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి గానీ తుపాకీ అమ్మినవాడూ, చేతికిచ్చినవాడూ నేరస్థులే.

తెలిసి ఇవ్వడమన్న ఈ ప్రశ్నను మహాభారతం సౌప్తిక పర్వంలో ఎప్పుడో అడిగింది. ద్రోణుడు బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని అర్జునుడికి ఇష్టంగా నేర్పాడు. అది చూసి ఓర్వలేక కొడుకు అశ్వత్థామ తనకూ కావాలని పట్టుబట్టాడు. కొడుకు చపలుడని తండ్రికి తెలుసు. అయినా మనుషుల మీద ప్రయోగించవద్దని మాట చెప్పి, మనసొప్పకుండానే నేర్పాడు. ఆ అస్త్రం చివరికి ఉత్తర కడుపులోని బిడ్డ మీదికి వెళ్లింది.

శాపం అశ్వత్థామకే తగిలింది. అప్పటికి ద్రోణుడు లేడు. అంతమాత్రాన ఆయన వాటా చెరిగిపోతుందా? పోదు. అశ్వత్థామ బాలుడేమీ కాదు. అందుకే ఆ కథ మరింత గుచ్చుతుంది: వయసు కేవలం ఒక గీత, ఎదుటివాడి నిగ్రహం ఎంతో ఎరగాల్సింది ఇచ్చేవాడు.

బుద్ధుడు ఉపాసకులకు వద్దన్న అయిదు వ్యాపారాల్లో మొదటిది ఆయుధాల అమ్మకం. గుండ్లకమ్మ ఒడ్డున చందవరంలో స్తూపం కట్టిన సమాజం విన్న ధర్మం ఇదే. అక్కడా నిషేధం అమ్మేవాడికే.

పదిహేడున్నరేళ్లకే సైన్యంలో చేర్చుకుంటున్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు, న్యాయమైన ప్రశ్నే. అక్కడ ఆయుధం వెంట క్రమశిక్షణ, పై అధికారి, లెక్క ఉంటాయి. అడవిలో పిల్లల్ని దళాల్లోకి లాగేవారికి అవేవీ ఉండవు. పిల్లల్ని అలా చేర్చుకున్న సాయుధ ముఠాలకు 2015 బాలల న్యాయ చట్టం 83వ సెక్షన్ ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, అయిదు లక్షల జరిమానా విధిస్తోంది.

గిద్దలూరు, మార్కాపురం పల్లెల్లో లైసెన్సు తుపాకీ ఉన్న పెద్దలకు ఒక్క విన్నపం: అడవి పందుల్ని తోలడానికైనా సరే, దాన్ని ఇంట్లో కుర్రవాడి చేతికివ్వకండి. తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి.