పాడునేలలో దొరకిన సొమ్ము ఎవరిది?

ఖమ్మమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరముననున్న నేలకొండపల్లి, భక్త రామదాసు జన్మస్థలముగా వైష్ణవలోకమునకు సుపరిచితము. భద్రాచల యాత్రకు పోవువారిలో కొందరు ఇచ్చట దిగి, ఆ భాగవతోత్తముని పేర వెలసిన ధ్యానమందిరమును దర్శించి ముందునకు సాగుదురు. ఊరి వెలుపల మరియొక నేలకొండపల్లి కలదు. అది నూరు ఎకరములకు మించిన పాత మట్టికోట. విరాటరాజు ఏలిన నగరమిదియేయని అక్కడివారు చెప్పుకొందురు. గత శతాబ్దిలో పురావస్తు శాఖవారు త్రవ్వించినపుడు మహాస్తూపము, విహారముల పునాదులు, నీటి తొట్లు, మట్టిబొమ్మలు, కంచు బుద్ధప్రతిమ, సున్నపురాతిలో చెక్కిన చిన్న స్తూపము బయల్పడినవి. అవి క్రీ.శ. 3, 4 శతాబ్దముల నాటివి. ఇట్టి నేలలో నాగటి కర్రుకు ఒక నాణెము తగిలినను, వానకు గట్టు జారి ఒక పాత్ర తొంగిచూచినను, దొరకినవాని మనస్సున మొదట పుట్టు మాట యొకటే: “దీనికి దిక్కెవ్వరు? తీసికొనిన తప్పేమి?”

ఈ మాటను తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. దొంగతనమునకు నష్టపడువాడొకడు ఉండవలెను గదా. దాచినవాడు పోయెను, వాని వంశము పోయెను, వాని రాజ్యమును పోయెను. మన్ను తినునది మనుష్యుడు తినిన నెవ్వరికి లోటు? పేదవాడు అడిగినపుడు ఈ ప్రశ్నకు మరింత బరువు వచ్చును.

విరాటుని కథనే పట్టి చూడదగును. అజ్ఞాతవాసమునకు ముందు పాండవులు తమ ఆయుధములను శ్మశానము చెంతనున్న జమ్మిచెట్టుపై దాచి, ఎవరును దరిచేరకుండ ప్రక్కను ఒక శవమును కట్టి పోయిరి. ఆ దారిని పోవు పసులకాపరి యొకడు చెట్టెక్కి వానిని చూచెననుకొన్నచో, అది దిక్కులేని సొమ్మనియే వాడు తలచియుండును. కాని గాండీవము తన యజమానికై గడువు లెక్కించుచు వేచియున్నది. పిమ్మట ఉత్తరకుమారుడు చెట్టెక్కి కట్టు విప్పినపుడు, ఆ విండ్ల బంగారు పనికి అబ్బురపడుచునే, ఒక్కొక్కదానిని చూపి ఇది ఎవరిది, ఇది ఎవరిదని అడిగెను. యజమాని కనబడకపోవుట వేరు, యజమాని లేకపోవుట వేరు. ఈ రెంటి నడుమనున్న ఎడమును దాటించునది ఆ ప్రశ్న యొక్కటే.

కిష్కింధాకాండలో ఇంతకంటె కఠినమైన పరీక్ష కలదు. సీతాన్వేషణకై దక్షిణదిశకు పోయిన అంగద హనుమదాదులు ఆకలిదప్పులచే సొమ్మసిల్లి తిరుగుచు, నీట తడిసిన పక్షులు వెలువడుచున్న ఋక్షబిలమను గుహను చూచి అందు ప్రవేశించిరి. చీకటిలో ఒకరినొకరు పట్టుకొని చాలదూరము నడచిన పిమ్మట వెలుగు కనబడెను. బంగారు చెట్లు, వెండి బంగారు మేడలు, రాసులుగా పడియున్న పాత్రలు, మణులు, వెలగల వస్త్రములు, పండ్లు, పానీయములు. అంతయు నున్నది, అనుభవించు జనము మాత్రము లేదు. ప్రాణములు కంఠముననున్న వానరులకు ఇంతకు మించిన సాకు ఏమి కావలెను? అయినను ఎవ్వరును చేయి చాపలేదు. కొంత దూరమున నారచీరను, కృష్ణాజినమును ధరించిన తాపసి కనబడగా హనుమ అంజలి ఘటించి, ఈ భవనము, ఈ బిలము, ఈ రత్నములు ఎవరివని అడిగెను.

స్వయంప్రభ ఇచ్చిన సమాధానము ఈ విషయమునకు ప్రాణము వంటిది. దీనిని నిర్మించినవాడు మయుడు, అతడు ఇంద్రునిచే హతుడయ్యెను. బ్రహ్మ దీనిని హేమ యను అప్సరస కొసగెను. ఆమె చెలికత్తెయైన తాను కాపున్నది. కట్టినవాడు లేడు. హక్కుగలది ఎదుట లేదు. ఎదుటనున్నది హక్కుగలది కాదు. అయినను సొమ్మునకు దిక్కున్నది! అడిగినవారికి ఆ తల్లి పండ్లును పానీయములును కడుపార పెట్టెను. పిమ్మట వానరులు ఆమెను కోరినది వెలుపలికి దారి మాత్రమే. బంగారము ఉన్నచోటనే ఉండెను.

ఋష్యమూకముపై వానరులు చేసినదియు గమనింపదగును. రావణుడు కొనిపోవుచుండగా సీతమ్మ పైనుండి జారవిడిచిన నగలమూట వారి నడుమ పడినది. వారు దానిని గుహలో భద్రపరచి, రాముడు వచ్చినపుడు తెచ్చి చూపిరి. పంచుకొనియుండినచో వారికి దక్కునది కొంత బంగారము. రామునకు దక్కకపోవునది జానకి పోయిన జాడ. పాతనేలలో దొరకు వస్తువుల సంగతియు నిట్టిదే. ఏ పొరలో, దేని సరసన ఉన్నదో తెలిసిన నాణెము ఒక కాలమునకు సాక్షి యగును. సంతలో కరగించినది లోహపు తూకమే. అమరావతి స్తూపపు రాళ్లు 18వ శతాబ్ది చివర ఇండ్లకు, కట్టడములకు తరలిపోయినవి. 1797లో కాలిన్ మెకంజీ చూచునప్పటికే ఆ పని సాగుచుండెను. మోసికొనిపోయినవారు తాము దొంగలమని అనుకొనియుండరు. అచ్చటి శిల్పములలో మిగిలినవి నేడు చెన్నై, లండను నగరముల మ్యూజియములలో ఎక్కువగా నున్నవి.

శాస్త్రకారులు దొరకినవానిని సన్న్యాసిగా భావించి నియమములు చేయలేదు. దొరకినదానిని రాజునకు తెలుపవలెననియు, రాజు దానిని చాటించి ఒక సంవత్సరము కాపాడవలెననియు, ఎవరును రానిచో నాలుగవ పాలు దొరకినవానికి చెందుననియు గౌతమ ధర్మసూత్రము చెప్పును. మనువు ఆ గడువును మూడేండ్లు చేసెను. 1878లో వచ్చిన భారత నిధి నిక్షేపముల చట్టమును ఇంచుమించు ఆ దారినే నడచినది: కలెక్టరునకు వ్రాతమూలకముగా తెలుపవలెను, ఆయన ప్రకటన చేయవలెను, యజమాని తేలనిచో సాధారణముగా ముప్పాతిక దొరకినవానికి, పాతిక ఆ నేల సొంతదారునకు. ప్రభుత్వము తీసికొన్నచో వెల చెల్లింపవలెను. దాచినవాడు తన పాలును కోల్పోయి శిక్షకు పాత్రుడగును. ఇంత న్యాయము కాగితముపై నుండగా, చెప్పినచో చేతికి పంచనామా తప్ప మరేమియు మిగులదని కూలివాడు భయపడుచున్నాడన్న, ఆ భయమును పోగొట్టవలసినది అధికారులే. వాని అవినీతిని మాత్రమే నిందించుట సగము మాట.

గుప్తనిధుల పేరిట పాడుపడిన గుళ్లలో గర్భాలయములు త్రవ్వి, నందులను పగులగొట్టువారి విషయమున నింత చర్చ అక్కరలేదు. దీపము పెట్టువాడు లేనంత మాత్రమున దేవుడు హక్కు వదలుకొన్నట్లు కాదు. తమిళనాట పత్తూరులో 1976లో ఒక కూలివానికి శిథిలాలయపు నేలలో కంచు నటరాజమూర్తి దొరకెను. అది చేతులు మారి లండను చేరెను. ఏండ్ల తరబడి పూజ లేని ఆ శిథిలాలయము పక్షమున అక్కడి న్యాయస్థానములలో వ్యాజ్యము నడచినది. 1991లో అప్పీలు కోర్టు గుడి హక్కునే నిలిపెను. స్వామి స్వదేశమునకు మరలివచ్చెను.

ఇక భక్తులకే ప్రత్యేకమైన ప్రలోభమొకటి కలదు. “నాకై తీసికొనను, స్వామికే ఇచ్చెదను” అని. త్రోవలో దొరకిన ఉంగరమును హుండీలో వేసి చేతులు దులుపుకొనువారు తీర్థస్థలములలో కొల్లలు. పోగొట్టుకొనిన ఇల్లాలు ఆ సత్రములోనే ఏడ్చుచు వెదకుచుండవచ్చును. ఆమె సొమ్ముతో తన మ్రొక్కు తీర్చుకొనుటకు ఎవ్వరికిని అధికారము లేదు. భద్రగిరిపై పుట్టలో రామమూర్తిని కనుగొనిన పోకల దమ్మక్క, స్వామిని తన గుడిసెకు మోసికొనిపోలేదు. ఉన్నచోటనే పందిరి వేసి, తాటిపండు నివేదించెనని స్థలకథ. ఆ పందిరి చోటనే ఆలయము కట్టించినవాడు నేలకొండపల్లి కంచెర్ల గోపన్న.

ఆయన కథ ఈ ప్రలోభమునకు సూటియైన జవాబు. పాల్వంచ తహసీలుదారుగా వసూలు చేసిన సర్కారు పన్నును గోపన్న స్వార్థమునకు వాడలేదు; గోపురమునకు, ప్రాకారమునకు, స్వామి నగలకు వెచ్చించెను. అంతకంటె పవిత్రమైన ఖర్చు మరియేమి ఉండును? అయినను పండ్రెండేండ్లు గోల్కొండ ఖైదు తప్పలేదు. “నా కొరకే గదా ఖర్చుపెట్టినాడు, లెక్కయేల” అని రాముడు తానీషాతో అనినట్లు ఏ కథయు చెప్పదు. రామోజీ, లక్ష్మోజీ యను బంట్ల రూపమున అన్నదమ్ములు రాత్రివేళ తానీషా పడకగదికి పోయి, ఆరు లక్షల పైకమును కుప్పగా పోసి, చెల్లుచీటీ అడిగి వ్రాయించుకొనిరట. ఆ చీటీని తెచ్చి, నిదురించుచున్న గోపన్న తలక్రింద పెట్టి పోయిరట.