నౌకాధిపతి భారము

1971 డిసెంబరు యుద్ధకాలమున మేము బాలురము. ఫోరస్ రోడ్డు చాళ్లలో పెద్దలు కిటికీలకు నల్లకాగితము లంటించి, రాత్రివేళ దీపము లార్పెడివారు. ఆ చీకటిలో మాకు భయమే గాని బాధ్యత లేదు. బాధ్యత సముద్రము నేలువారిది.

ఆ దినములలో తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్ నౌకను అండమానులలో దాచి, రాజ్‌పుట్ అను చిన్న యోడనే విక్రాంతుగా శత్రువునకు నమ్మించెను. డిసెంబరు 3-4 తేదీల నడిరేయి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖపట్టణము చెంత మునిగెను. దేశము సంతసించెను. కాని ఎరగా నిలిచిన రాజ్‌పుట్‌లోను తల్లుల బిడ్డలే యుండిరి. ఉపాయము బెడిసినచో వారి గతి యేమి?

వారము తిరుగక మునుపే, 9వ తేదీ రాత్రి, బొంబాయినుండి వెడలిన ఖుక్రీ నౌకను దీవు చేరువ సముద్రమున హంగోర్ అను జలాంతర్గామి ముంచెను. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించిరి. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తనవారిని ఓడ విడిచి పొమ్మని యాజ్ఞాపించి, తాను ఓడతోనే మునిగెను.

పూర్వము సేనాని శత్రువును కన్నులార చూచి పోరెడివాడు. నేడు శత్రువు నీటిక్రింద కనబడడు. నౌకాధిపతి సందేహములోనే ఆజ్ఞ యీయవలెను. ఓడతో మునుగుటయే ధర్మమని మేమనము. బ్రతికి, మృతుల లెక్కను జీవితాంతము మోయుటయు ధర్మమే. ఫలము చెడినపుడు తప్పును క్రిందివారిపై నెట్టుట మాత్రము అధర్మము.

ఈ నగరమున మేడలు కట్టిన మన కామాఠీ పెద్దలకిది క్రొత్త మాట కాదు. కూలీని పరంజా కెక్కించు మేస్త్రీ ముందుగా దాని కట్టును తాను లాగి చూడవలెను. ఇంటి పెద్దకైనను, నౌకాధిపతికైనను నీతి యొక్కటే.