ఊరు చూపించడం ఆతిథ్యమేనా?

విదేశాల నుంచి చుట్టాలు వస్తున్నారని తెలియగానే తెలుగు ఇళ్లలో రెండు జాబితాలు మొదలవుతాయి. వండిపెట్టాల్సినవి ఒకటి, తిప్పి చూపించాల్సినవి ఒకటి. కలకత్తా చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లకు ఈ రెండోది మరీ పెద్దది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉద్యోగాలకు వచ్చి ఖరగ్‌పూర్‌లోనూ ఆ దారి పొడవునా స్థిరపడిన కుటుంబాలకు ఈ ప్రాంతం తరాలుగా సొంత ఊరే. దక్షిణాది నుంచి వచ్చే రైళ్లలో కొన్నిటికి ఇప్పుడు హౌరా బదులు సంత్రాగాఛే ఆఖరి స్టేషను. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చి, విశాఖలో నాలుగు రోజులుండి, రైలెక్కి సంత్రాగాఛిలో దిగే బంధువులకు ఇక్కడ మిగిలేది రెండు రోజులు. ఆ రెండు రోజుల్లోనే దక్షిణేశ్వరం, బేలూరు మఠం, కాళీఘాట్, విక్టోరియా మెమోరియల్, 1814లో పెట్టిన ఇండియన్ మ్యూజియం, 1943 నాటి హౌరా వంతెన, 2024లో హుగ్లీ నది కిందుగా మొదలైన మెట్రో, శిబ్‌పూర్ మర్రిచెట్టు అన్నీ చూపించేయాలి. దీని వెనకున్న ప్రేమను నేను శంకించను. అడుగుతున్నది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. ఇలా ఊరు తిప్పడం అతిథికి మనం చేయాల్సిన సేవలో భాగమేనా? నా వాదన ఇది: అతిథి అడగదలచినదానికి చోటివ్వడమే మన సంప్రదాయం చెప్పిన ఆతిథ్యంలో ముఖ్యమైనది. ఆ చోటు లేని ప్రయాణం ఎంత ఖర్చుతో, ఎంత శ్రమతో ఏర్పాటు చేసినా ఆతిథ్యం కిందికి రాదు.

గృహస్థుడు రోజూ చేయాల్సిన పంచ మహాయజ్ఞాల్లో అతిథిని ఆదరించడం ఒకటి. మనుస్మృతి ఆ సంగతి చెబుతూ, ఎంత లేనివాళ్ల ఇంట్లోనైనా కూర్చోవడానికి ఇంత గడ్డి, ఇంత నేల, తాగడానికి నీళ్లు, ఒక మంచి మాట కరువు కావంటుంది. ఆ వరసలో ఊరి వింతలు లేవు. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు ముగించుకుని ఇంటికి వెళ్లబోయే శిష్యుడికి గురువు తల్లినీ తండ్రినీ ఆచార్యుణ్ణీ అతిథినీ దైవంగా చూసుకోమని చెబుతాడు. ఈ మాట పర్యాటక శాఖ ప్రచారం దాకా ఎక్కింది కాబట్టి అందరికీ తెలుసు. ఆ ఉపదేశంలోనే కాస్త ముందుకు వెళితే వచ్చే మాటలు మాత్రం ఎవరికీ పట్టలేదు. ఇచ్చేది శ్రద్ధతో ఇవ్వమనీ, సిగ్గుతో, భయంతో ఇవ్వమనీ అక్కడే ఉంది. ఇచ్చేవాడికి సిగ్గెందుకు? తానిచ్చేది ఎప్పుడూ చాలదన్న ఎరుక వల్ల. భయమెందుకు? పుచ్చుకునేవాడి మనసు ఎక్కడ నొచ్చుకుంటుందో తెలియదు కాబట్టి. మనం ఊరు చూపించేటప్పుడు కూడా ఒక భయం ఉంటుంది కానీ అది వేరు. ఇంత దూరం వస్తే ఏమీ చూపించలేదని అనుకుంటారేమో అన్న పరువు భయం అది. ఆ భయం ఇంటివాడి గురించి. ఉపనిషత్తు చెప్పిన భయం అతిథి గురించి.

అతిథి కథల్లో అన్నిటికన్నా లోతైనది కఠోపనిషత్తులోని నచికేతుడిది. యముడి వాకిట్లో ఆ పిల్లవాడు మూడు రాత్రులు అన్నం నీళ్లు లేకుండా ఎదురుచూశాడు. ఇంటికొచ్చిన యముడు ఆ తప్పుకు పరిహారంగా రాత్రికొకటి చొప్పున మూడు వరాలిచ్చాడు. ఇంతవరకూ అందరూ చెప్పుకునేదే. నాకు ముఖ్యమనిపించేది మూడో వరం దగ్గర జరిగిన బేరం. చనిపోయిన తరువాత ఏమవుతుందో చెప్పమని నచికేతుడు అడిగితే యముడు వెంటనే చెప్పలేదు. ఏనుగులిస్తానన్నాడు, గుర్రాలిస్తానన్నాడు, రథాలెక్కి వాద్యాలు మోగించే అప్సరసలను పిలిపిస్తానన్నాడు, కోరినన్నేళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. ఒక్క ఆ ప్రశ్న తప్ప ఏదైనా అడగమన్నాడు. అంటే చూపించడానికి తన దగ్గరున్నవన్నీ వరసగా చెప్పాడు. పిల్లవాడు అవన్నీ నీ దగ్గరే ఉంచుకోమని, అడిగిన ప్రశ్న దగ్గరే నిలబడ్డాడు. యముడు చివరికి జవాబు చెప్పాడు. అప్పుడే ఆ ఆతిథ్యం పూర్తయింది. వింతలతో అతిథిని మరిపించి పంపేద్దామన్న ఆలోచన యముడంతటి వాడికీ కలిగిందని ఉపనిషత్తు దాచకుండా చెప్పింది.

మృత్యువు గురించిన కథను తెచ్చి రెండు రోజుల విహారానికి అంటగట్టడం అతి కదా అని ఎవరైనా అనొచ్చు. వచ్చినవాళ్లు సరదాగా నాలుగు చోట్లు చూసి, ఫొటోలు తీసుకుని, మిష్టి దొయి తిని వెళదామనుకుంటారు గానీ ఆత్మజ్ఞానానికి వస్తారా? రారు, నిజమే. కానీ ప్రశ్న లేకుండా ఎవరూ రారు. విదేశంలోనే పుట్టి పెరిగిన పద్నాలుగేళ్ల పిల్ల కాళికాదేవి నాలుక ఎందుకు బయటపెట్టిందని అడుగుతుంది. అమ్మవారి గుడిలో ఇంకా మేకను ఎందుకు బలిస్తున్నారని అడుగుతుంది. మా ముత్తాత ఇక్కడ ఏ పని చేశాడు, తెలుగువాళ్లం ఇంత దూరం ఎందుకు వచ్చాం అని పెద్దవాళ్లే అడుగుతారు. ఇవి చిన్న ప్రశ్నలు కావు. వీటికి జవాబు మన దగ్గర సిద్ధంగా ఉండదు కాబట్టే డ్రైవరుతో తరువాతి చోటికి పోనీయమంటాం. జాబితా ఎంత పెద్దదైతే ప్రశ్న నుంచి తప్పించుకోవడం అంత తేలిక. రెండు రోజుల విహారమైనా, యముడి వాకిలైనా ఈ స్వభావం ఒక్కటే.

దక్షిణేశ్వరం సంగతే తీసుకుందాం. రాణి రాస్‌మణి కట్టించిన ఆ ఆలయంలో 1855లో ప్రతిష్ఠ జరిగింది. రామకృష్ణ పరమహంస అక్కడే అర్చకుడిగా ఉన్నారు. ఆయన శిష్యుడు వివేకానందుడు పాశ్చాత్య దేశాల నుంచి 1897లో తిరిగొచ్చి, విదేశీ శిష్యులతో ఆ గుడికి వెళితే, సముద్రం దాటి వచ్చినవాడన్న అభ్యంతరం ఆలయ యాజమాన్యం నుంచే వచ్చింది. మరుసటి ఏడాది ఆయన నదికి ఇవతలి ఒడ్డున బేలూరులో మఠానికి స్థలం సంపాదించారు. ఇప్పుడు చూసే రామకృష్ణ మందిరం 1938లో పూర్తయింది. గుడి, చర్చి, మసీదు లక్షణాలు మూడూ అందులో కలిసి ఉంటాయి. ఈ కథ తెలియకుండా రెండు చోట్లనూ ఒకే పూట పరుగున చూపిస్తే అవి రెండు కట్టడాలు. తెలిస్తే, సముద్రం దాటి వెళ్లి తిరిగొచ్చిన మనిషికి తన ఊళ్లో ఎంత చోటుందన్న ప్రశ్న అక్కడ కళ్ల ముందు నిలబడుతుంది. విదేశాల నుంచి వచ్చిన చుట్టానికి అంతకన్నా దగ్గరి ప్రశ్న ఏముంటుంది? దక్షిణేశ్వరం నుంచి బేలూరుకు పడవ దొరుకుతుంది. ఆ పడవ ప్రయాణంలో ఈ మాట చెప్పుకోవడానికి సరిపడా సమయం ఉంటుంది. మరో సంగతి కూడా గమనించాలి. బేలూరు మఠంలో ఫొటోలు తీయనివ్వరు, దక్షిణేశ్వరంలో ఫోన్లు బయటే పెట్టి లోపలికి వెళ్లాలి. ఇది చాదస్తమని విసుక్కునేవాళ్లున్నారు. దర్శనం అంటే మనం దేవుణ్ణి చూడటమే కాదు, దేవుడి కంట మనం పడటం కూడా అని నమ్మే చోట కెమెరా వెనక దాక్కోనివ్వకపోవడం న్యాయమేనని నా అభిప్రాయం.

నమ్మకం లేనివాళ్లను గుడికి తీసుకెళ్లడం సరైనదేనా అన్న అభ్యంతరం ఇక్కడే వస్తుంది. వాళ్లు భక్తితో రారు, వింత చూడటానికి వస్తారు; మరొకరి భక్తిని వాళ్లకు ప్రదర్శనగా చూపించినట్టే కదా? ఈ అభ్యంతరంలో బలముంది. జవాబు కాళీఘాట్ చరిత్రలోనే దొరుకుతుందనుకుంటాను. ఐర్లండులో పుట్టిన మార్గరెట్ నోబుల్ 1898లో కలకత్తా వచ్చి నివేదిత అయింది. మరుసటి ఏడాది కాళీఘాట్‌లోనే కాళికాతత్త్వం మీద ప్రసంగించింది. పరాయి మతంలో పుట్టి నిన్నగాక మొన్న వచ్చిన అతిథిని ఆ ఊరు ప్రేక్షకురాలిగా ఒక మూలన నిలబెట్టలేదు, ఆమె మాట విన్నది. నమ్మకం ఉందా లేదా అన్నది అసలు సమస్య కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. వచ్చినవాళ్లు తమ సందేహంతో సహా అక్కడ మనుషులుగా నిలబడగలిగితే తప్పేమీ లేదు. చూసి, నవ్వుకుని, కదిలిపోవడానికే అయితే ఆ చోటిని జాబితాలోంచి తీసేయడమే మర్యాద. గుడి పక్కనే ఒకప్పటి యాత్రికుల సత్రంలో మదర్ థెరిసా 1952లో నిర్మల్ హృదయ్ ప్రారంభించారు. దిక్కులేకుండా చనిపోతున్నవాళ్లకు అది చివరి ఆశ్రయం. దాన్ని కూడా చూడాల్సినవాటిలో కలిపేసేవాళ్లున్నారు. మంచం మీద ఉన్న మనిషిని చూసి వెళ్లిపోవడం నా దృష్టిలో అధర్మం. ఒక పూట పనిచేసి వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా కనుక్కుని వెళ్లాలి. మిగతావాళ్లు ఆ గడప బయట నుంచే నమస్కరించి రావాలి. పేదరికాన్ని దాచమని నేను అనడం లేదు. ఆ వీధిలో నడిస్తే అది ఎలాగూ కనిపిస్తుంది. పిల్లలు దాని గురించి అడిగితే జవాబు చెప్పాలి, అంతే.

సంత్రాగాఛికి దగ్గర్లోనే, శిబ్‌పూర్‌లో 1787లో మొదలైన బొటానికల్ గార్డెన్ ఉంది. రెండు రోజుల్లో ఒక్క చోటే చూడగలమంటే నేను ఎంచుకునేది దీన్నే. తెలుగువాళ్లకు దీనితో ఉన్న బంధుత్వం చాలామందికి తెలియదు. 1793లో ఈ తోట బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు ఏళ్ల తరబడి మన సామర్లకోటలో ఉండి మొక్కలు పెంచి, పరిశీలించినవాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి వెలువడిన ఆయన గ్రంథానికి పునాది అక్కడే పడింది. ఆయన రాతల్లో మొక్కల తెలుగు పేర్లు కనిపిస్తాయి. ఇక ఈ తోటలోని ఆ మర్రిచెట్టుకు రెండు వందల యాభై ఏళ్లకు పైగా వయసు, మూడు వేలకు పైగా ఊడలు. పందొమ్మిదో శతాబ్దపు తుఫానుల్లో దెబ్బతిని, బూజు తెగులు పట్టి కుళ్లిన దాని అసలు మానును 1925లో తొలగించారు. మొదలు లేని చెట్టు వందేళ్లుగా బతుకుతూ, ఇంకా పక్కలకు పాకుతూనే ఉంది. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు పాఠం చెప్పింది మర్రితోనే. అదిగో చెట్టు, చూడమని అనలేదు. పండు తెమ్మన్నాడు, పగలగొట్టమన్నాడు, గింజను కూడా చీల్చమన్నాడు, ప్రతిసారీ ఏం కనిపిస్తోందని అడిగాడు. చివరికి ఏమీ కనిపించడం లేదని కొడుకు అన్న తరువాతే అసలు విషయం చెప్పాడు: ఆ కనిపించని దాని నుంచే ఇంత చెట్టూ నిలబడింది, అదే నువ్వు అని. శ్వేతకేతు అప్పటికి పన్నెండేళ్లు చదివొచ్చి, అన్నీ తెలుసన్న గర్వంతో ఉన్నవాడు. వాడికి పనికొచ్చింది తండ్రి అడిగిన ప్రశ్న, తన చేత్తో తాను చీల్చిన గింజ. ఏ ఊరికి వలస వచ్చామో, ఏ మొదలు తెగిందో, ఏ ఊడ ఎక్కడ నేలను తాకిందో మాట్లాడుకోవడానికి తెలుగు కుటుంబానికి శిబ్‌పూర్ నీడకన్నా మంచి చోటు ఈ నగరంలో లేదు. రెండు గంటలు కూర్చుంటే చాలు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఒకటి మిగిలింది. వాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారో, అసలు వస్తారో రారో. ఉన్న రెండు రోజుల్లో వీలైనంత చూపించకుండా చెట్టు కింద కూర్చోబెడితే అది మన ఇష్టాన్ని వాళ్ల మీద రుద్దడం కాదా? పైగా యాత్ర అంటేనే మనవాళ్లకు తీర్థమూ లోకమూ కలిపి చూడటం. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరి, కాశీ గయలు సేవించి, కలకత్తా మీదుగా 1831 సెప్టెంబరుకు తిరిగి చేరాడు. ఆయన కాశీయాత్ర చరిత్రలో దేవాలయాలతోపాటు దారులు, ధరలు, దొరల పాలన అన్నీ ఉన్నాయి. కుతూహలం పాపం కాదని చెప్పడానికి ఆ ఒక్క పుస్తకం చాలు. దీన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే ఆయన కుతూహలం ఆయన సొంతం. ఎక్కడ ఆగాలో, దేన్ని విచారించాలో ఆయనే తేల్చుకున్నాడు, దానికి పదిహేను నెలలు పెట్టుకున్నాడు. మన చుట్టానికి సమయమూ లేదు, ఎంచుకునే అవకాశమూ మనం ఇవ్వడం లేదు. విక్టోరియా పాలరాయి చూడాలనే కోరిక వాళ్లదే అయితే తప్పకుండా అక్కడికే తీసుకెళ్లాలి. నేను చెప్పిన మర్రిచెట్టును వదిలేయాలి. నా ఎంపికను వాళ్ల మీద రుద్దినా అదే తప్పు. ఒక పని లెక్క కూడా ఉంది. దక్షిణేశ్వరం, బేలూరు రెండూ మధ్యాహ్నం మూసేస్తారు, విక్టోరియాలో మ్యూజియానికి సోమవారం సెలవు. దేవుడికే విశ్రాంతి ఉన్న ఊళ్లో ఎనిమిది చోట్ల జాబితా ఎలాగూ సాగదు. సగం మూసిన తలుపులు చూసి, మిగతా సగం కారు అద్దంలోంచి చూసి రావడమే అవుతుంది.

సంత్రాగాఛి స్టేషను పక్కనే ఉన్న ఝీల్ అనే చెరువుకు చలికాలంలో పక్షులు వేలల్లో వస్తాయి. ఎక్కువభాగం ఈల వేసినట్టు కూసే చిన్న బాతులు, కొన్ని హిమాలయాల అవతలి నుంచి వచ్చేవి. అవి రాకముందే నీళ్ల మీది గుర్రపుడెక్కను తీయాలి. మొత్తం తీసేస్తే వాటికి వాలడానికి చోటుండదు, వదిలేస్తే నీళ్లే కనిపించవు. అందుకని చాలావరకు తీసి, అక్కడక్కడా దిబ్బల్లా మిగులుస్తారు. చుట్టుపక్కల మురుగునీరు చెరువులో కలవడం మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ జోక్యం చేసుకోవాల్సి వచ్చింది కూడా. వచ్చేవాళ్లకు నిలవడానికి చోటు సిద్ధం చేయడం, ఆపైన వాళ్లను వాళ్ల మానాన ఉండనివ్వడం ఆ చెరువు బాగు కోరేవాళ్లు ఏటా చేస్తున్న పని. చుట్టాల విషయంలో మనం తలుచుకోవాల్సిందీ ఇదే. ఈ డిసెంబరులో మీ ఇంటికి ఎవరైనా వస్తుంటే, కారు మాట్లాడే ముందు వాళ్లకు ఒక్కసారి ఫోన్ చేయండి. ఏం చూస్తారని కాకుండా, ఇక్కడ ఏం తెలుసుకోవాలని ఉందో అడగండి. పిల్లల్ని విడిగా అడగండి. వాళ్లు చెప్పినదాన్నిబట్టి రోజుకు ఒకటో రెండో చోట్లు పెట్టుకోండి, మధ్యాహ్నాలు ఖాళీగా వదిలేయండి.