ధర్మవరం మొత్తం నీకెందుకు, పాపా?

పాపా,

నువ్వు పంపిన ప్రపోజల్ నిదానంగా చదివినాను. వచ్చే నెల కమిటీ ముందు పెట్టాలన్నావు కాబట్టి పొగడ్తలు తర్వాత చెప్పుకుందాం. ‘ధర్మవరం పట్టుచీరల పునరుజ్జీవనం – సమకాలీన ఫ్యాషన్‌లో అవకాశాలు’ అని పేరు పెట్టినావు. దాని కింద చేనేత చరిత్ర, లేపాక్షి శిల్పం, నేతగాళ్ళ కష్టాలు, పర్యావరణం, యువత అభిరుచులు, చివర ఆరు డ్రెస్సుల కలెక్షన్. అన్నీ ఉన్నాయి, ప్రశ్న ఒక్కటే లేదు.

నేను కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఇట్లాంటి ప్రపోజళ్ళు చూస్తూనే ఉండినాను. సొంత ఊరి మీద ప్రేమ ఎక్కువైన పిల్లలే ఇట్లా రాస్తారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారిలో ఉన్నాయి కదా అని మూడింటినీ ఒకే థీసిస్‌లోకి ఎక్కించేసినావు. రెండేళ్ళ ఎం.డిజైన్‌లో చదువుకు, ప్రయాణాలకు, నేతకు, కుట్టుకు పోగా నీకు మిగిలేది కొద్ది నెలలు. అందులో పట్టేది ఒక చిన్న సంగతి మాత్రమే.

నేతగాళ్ళను ఉద్ధరిస్తానన్న పేజీలు ముందు తీసెయ్. అప్పులు నిజం, ఆత్మహత్యలు నిజం. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ మొదలైనప్పటి నుంచి మగ్గం ఇళ్ళ పిల్లలు నెల జీతం వైపు చూడటమూ నిజమే. వాటి వెనక ఉన్నది ముడిపట్టు ధర, కూలి రేటు, పవర్‌లూమ్ పోటీ. కొన్ని రకాల బట్టలు చేనేతకే ఉండాలని 1985లో పార్లమెంటు చట్టమే చేసింది. చట్టంతో ఆగని పోటీ నీ ఆరు డ్రెస్సులతో ఆగుతుందని రాస్తే కమిటీ వాళ్ళు మర్యాదకు నవ్వి ఊరుకుంటారు. ధర్మవరంలో దాన్ని చదివినవాళ్ళకైతే కోపం వస్తుంది.

ప్రశ్న దొరికిందో లేదో తెలుసుకోడానికి నేనొక పరీక్ష పెడతాను. నువ్వు అడగాలనుకున్నది మగ్గం మీద కూర్చున్న మనిషికి చెప్పు. ‘దానికేముంది పాపా, ఇంతే కదా’ అని వెంటనే జవాబు వచ్చిందనుకో, అది రాసుకోవాల్సిన సంగతి, పరిశోధన అక్కర్లేదు. ‘ఏమో, నేను కూడా చూడాలనుకుంటా ఉండా’ అన్నాడనుకో, అక్కడ ఆగు. అతనికీ అక్కరకొచ్చే ప్రశ్న అది.

లేపాక్షినే తీసుకుందాం, నువ్వు దాని గురించి అంత మురిసిపోయి రాసినావు కాబట్టి. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు. వీరభద్రాలయం 1530ల నాటిది, అచ్యుతదేవరాయల కాలం. కట్టించినవాళ్ళు విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు; విరూపణ్ణ పెనుకొండలో రాయలవారి ఖజానా చూసేవాడని చెప్తారు. మండపం కప్పు మీది బొమ్మల్లో ఆ అన్నదమ్ములు పరివారంతో సహా కనిపిస్తారు. ఆ కప్పును చూసి ‘లేపాక్షి చిత్రాల్లో నాటి వస్త్రధారణ’ అని ఒక అధ్యాయం రాస్తానన్నావు. ఆ పని చేసినవాళ్ళు ముందే ఉన్నారమ్మా. విజయనగర చిత్రాల మీద సి. శివరామమూర్తి గారి పుస్తకం ఉంది. అన్నా డల్లపిక్కోలా, బ్రిజిట్ ఖాన్ మజ్లిస్, జార్జ్ మిచెల్ కలిసి 2019లో లేపాక్షి మీదనే పెద్ద పుస్తకం తెచ్చినారు. అందులో మజ్లిస్ బట్టల చరిత్రలో పండితురాలు. విజయనగర కొలువులో మగవాళ్ళు పొడుగాటి కుళ్ళాయి టోపీ, కబాయి అంగీ ఎందుకు వేసుకునేవాళ్ళు, సుల్తానుల దర్బారు మర్యాద ఇక్కడికి ఎట్లా వచ్చింది అని ఫిలిప్ వాగనర్ 1996లో ఒక మంచి వ్యాసం రాసినాడు. శ్రీనాథుడి చాటువులో వచ్చే కుళ్ళాయి అదే. ఇవి చదవకుండా కమిటీ ముందుకు పోవద్దు. అక్కడ ఎవరో ఒకరు చదివే ఉంటారు.

చదివినాక నీకు మిగిలే చోటు ఏదో కనపడుతుంది. వాళ్ళు చేసింది చరిత్ర. లేపాక్షి రాతి మీది అల్లిక మగ్గం ఎక్కితే ఏమవుతుందనేది డిజైనర్ చూడాల్సిన పని.

గుడిలో లతామండపం చూసినావు కదా. స్తంభాల మీద తీగలు, పూలు, ముడులు, పక్కపక్కనే వేరువేరు అల్లికలు. వాటిని చీరల అంచుల్లోకి ఎప్పుడో దింపేసినారు. లేపాక్షి డిజైన్ అంటే అంగళ్ళలో తెలియనివాళ్ళు లేరు. అయితే రాతి మీద తీగ వంపు తిరుగుతుంది. జాకార్డు గ్రాఫ్ మీద వంపనేదే లేదు, అన్నీ గడులే. అడ్డంగా ఒక్కో గడి ఒక హుక్కు, నిలువుగా ఒక్కో గడి ఒక పేక పోగు. అంచుకు ఎన్ని హుక్కులుంటే అన్ని గడుల్లోనే బొమ్మ ఇమడాల. 120 హుక్కుల జాకార్డు మీద ఆ తీగ మెట్లుమెట్లుగా తేలుతుంది. 240కి పోతే వంపు కొంచెం మెత్తబడుతుంది, దాంతో పాటే ఖర్చూ పెరుగుతుంది. ఇంకోటి, జరీ పోగు వెనకవైపు ఎక్కువ దూరం వదులుగా తేలితే గాజుకో ఉంగరానికో తగులుకుని లాగేస్తుంది. అందుకని మధ్యలో ఎక్కడో ఒకచోట పోగును కట్టేయాలి. రాతిలో లేని చుక్క బొమ్మలో అట్లా చేరుతుంది. ఇన్ని ఇబ్బందుల మధ్య గ్రాఫ్ గీసేవాడు తీగలో దేన్ని ఉంచుతున్నాడు, దేన్ని వదిలేస్తున్నాడు? వదిలేసినా అది లేపాక్షిదే అని కొనేవాళ్ళు గుర్తుపడుతున్నారంటే, ఆ గుర్తు ఎక్కడుంది?

ఇదీ ప్రశ్న. ఇది ధర్మవరంలో అడిగి చూడు, నలుగురు నాలుగు రకాలుగా చెప్తారు.

దీన్నిబట్టి ప్రపోజల్ దానంతటదే కుదురుకుంటుంది. లతామండపంలో మూడు నాలుగు అల్లికలు ఎంచుకో. ఒకే అల్లికను గ్రాఫ్ గీసే ఇద్దరు ముగ్గురికి విడివిడిగా ఇవ్వు, ఒకరు గీసింది ఇంకొకరికి చూపించొద్దు. రెండు రకాల జాకార్డుల మీద చిన్న ముక్కలు నేయించు. వాటిని పక్కపక్కన పెట్టి నేసినవాళ్ళను, అమ్మేవాళ్ళను, కొనేవాళ్ళను అడుగు, వాళ్ళ మాటల్లోనే రాసుకో. చేసి చూడటం కూడా పరిశోధనే అని లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో క్రిస్టఫర్ ఫ్రేలింగ్ 1993లోనే వాదించినాడు. ఎవరైనా ‘ఇది పరిశోధనా, ప్రాజెక్టా’ అని అడిగితే ఆ వాదన అక్కరకొస్తుంది. కాకపోతే చేసినదంతా పరిశోధన అయిపోదు. ఎందుకు చేసినావో, ఏం మార్చినావో, ఏం తేలిందో ఇంకొకరు చదివి తిరిగి చేయగలిగేట్టు రాయాల.

డ్రెస్సులు లేకపోతే ఎట్లా అంటావేమో. అట్లయితే లేపాక్షిని వదిలేసి రెండు రంగుల నీడ తీసుకో. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. చీరగా కట్టుకుంటే నడుస్తుంటే రంగు మారుతుంది, ధర్మవరం చీరకు ఉన్న అందాల్లో అదొకటి. అదే గుడ్డను కత్తిరించి కోటు కుట్టినావనుకో, ముక్కల్లో పడుగు దిశ మారినచోటల్లా రెండు వేరు గుడ్డలు అతికినట్టు కనిపిస్తుంది. ఆ తేడాను దాచే ప్యాటర్న్ వేయాలా, దాన్నే డిజైన్‌గా వాడుకోవాలా? నీ ఆరు డ్రెస్సులు ఈ ఒక్క ప్రశ్నకు ఆరు జవాబులు కావచ్చు. నన్నడిగితే నీ చేతికి ఇదే నప్పుతుంది. నీకు బొమ్మ గీయడం కంటే కత్తిరింపు బాగా వచ్చు.

దారం జోలికి మాత్రం పోవద్దు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్ ఉంది, కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధన సంస్థ ఉంది, నిజమే. పోయి చూడు, తెలుసుకో. పసుపు గూడు దారానికీ తెల్ల గూడు దారానికీ తేడా చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. కానీ దాని మీద పరిశోధన అంటే ల్యాబ్ కావాలి. తోలుబొమ్మల నిమ్మలకుంట ధర్మవరం పక్కనే కదా, దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది, వాళ్ళ బొమ్మల నగలూ అంచులూ కూడా కలుపుతానని ఫోన్‌లో అన్నావు. కలపొద్దు తల్లీ.

ఇక కాలం, డబ్బు. కమిటీ వాళ్ళు జాగ్రత్తగా చూసేది ఇవే, పిల్లలు ఒక్క పట్టికతో తేల్చేసేదీ ఇవే. ‘నమూనాల నేత – ఒక వారం’ అని రాసినావు. వారంలో వార్పు కూడా ఎక్కదు. దారానికి రంగు వేయాలి, పడుగు సాగదీయాలి, పాత పోగుకు కొత్త పోగు ఒక్కొక్కటే అతకాలి. ఒక వార్పు మీద మూడు నాలుగు చీరలు వస్తాయి. నీ జానెడు గుడ్డ కోసం ఎవరూ కొత్త వార్పు వేయరు. వేయించుకోవాలంటే దారం ఖర్చు, అన్ని రోజుల కూలి నువ్వే పెట్టుకోవాలి. లేదంటే నడుస్తున్న వార్పు చివర మిగిలే ముక్క మీద నేసివ్వమని అడుగు. అప్పుడు పడుగు రంగు నీ ఇష్టం కాదు. ఆ పరిమితిని ప్రపోజల్‌లోనే రాసెయ్, తప్పేం లేదు. వానాకాలంలో గుంత మగ్గాలకు చెమ్మ పడితే నేత ఆగిపోతుంది, దానికీ కొన్ని రోజులు వదిలిపెట్టు.

మాట్లాడించే మనిషికి కూలి కట్టివ్వు. గంటసేపు నీతో మాట్లాడితే అతనికి గంట నేత పోయినట్టే. ఇది బడ్జెట్‌లో ఒక వరుసగా ఉండాల. మగ్గం ముందున్న మగమనిషిని అడిగి వచ్చేస్తే సగమే విన్నట్టు. కండెలు చుట్టేదీ పోగులు అతికేదీ చాలా ఇళ్ళలో ఆడవాళ్ళే. వాళ్ళు వంటింట్లోంచి జవాబు చెప్తారు, నువ్వే లోపలికి పోయి కూర్చోవాలి.

ఫోటోల విషయంలో జాగ్రత్త. మాస్టర్ వీవర్ కొత్త డిజైన్‌ను ఫోన్‌తో తీయనివ్వడు, అది న్యాయమే. వాట్సాప్‌లో పోయిన బొమ్మ పవర్‌లూమ్ మీద ఎక్కడానికి ఎంతో కాలం పట్టదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేసుకుంటే 10 ఏళ్ళు, పొడిగిస్తే ఇంకో 5 ఏళ్ళు రక్షణ ఉంటుంది. కానీ రిజిస్టర్ కాకముందే నీ థీసిస్‌లో అచ్చయితే అతని డిజైన్‌కు కొత్తదనం పోయి ఆ హక్కే దక్కదు. అందుకే అనుమతి కాగితం మీద తీసుకో, తెలుగులో రాయి, చదివి వినిపించి సంతకం పెట్టించుకో. ఫోటో కింద పేరు వేయాలా వద్దా అన్నది వాళ్ళే చెప్పాల. ఇంకో మాట. ధర్మవరం చేనేత పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. తొందరలో నమూనాలు బెంగళూరులో పవర్‌లూమ్ మీద నేయించి వాటికి ధర్మవరం పేరు రాయొద్దు.

కొత్త ప్రపోజల్ నాలుగు పేజీలు దాటనివ్వకు. ప్రశ్న మొదటి పేజీలోనే ఉండాల, చరిత్ర ఒక్క పేరా చాలు. రాసినాక నాకు పంపేకంటే ముందు ధర్మవరం పోయి గ్రాఫ్ గీసే ఒకరికి చదివి వినిపించు. ఆషాఢం దాటకముందే పోయిరా. శ్రావణంలో పెళ్ళిళ్ళు, వరలక్ష్మీ వ్రతాలు మొదలైతే అక్కడ నీతో కూర్చుని మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు.

మీ పెద్దమ్మ