ఒక్క చెంచా తప్పితే రోజంతా పోయినట్లేనా?

ఒక వలీమా విందులో మా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. ఆయనకు షుగర్ వ్యాధి. తీపి తగ్గించమని, అన్నం కొలతగా తినమని డాక్టరు చెప్పారట. "రెండు నెలలైంది మౌలానా, మిఠాయి నాకు హరామ్ చేసుకున్నాను" అన్నారు. ఇంతలో ఆతిథేయులు బలవంతపెట్టి డబుల్ కా మీఠా వడ్డించారు. మొహమాటానికి ఒక చెంచా తిన్నారు. ఆ వెంటనే, "ఎలాగూ పథ్యం తప్పింది, ఇక ఈ రోజుకి లెక్క లేదు. రేపటి నుంచి చూద్దాం" అంటూ రెండు కప్పులు ఖాళీ చేశారు. బిర్యానీ మళ్లీ పెట్టించుకున్నారు. నెల తర్వాత మసీదులో కలిశారు. ఆ 'రేపు' ఇంకా రాలేదని తలవంచుకుని చెప్పారు.

ఆయనకు కీడు చేసింది మొదటి చెంచా కాదు, దాని తర్వాత అన్న మాట. 'ఉంటే పూర్తి నిష్ఠతో ఉండాలి, లేదంటే అసలే వద్దు' అనే ఈ ఆలోచన పైకి భక్తిలాగా కనిపిస్తుంది. కాని ధర్మం దృష్టిలో ఇది సరైనదేనా?

రెండు వేర్వేరు ప్రశ్నలు

హలాల్, హరామ్‌ల మధ్య గీత గీసుకుని జీవించడం ముస్లిములుగా మనకు అలవాటు. అది మనపై అల్లాహ్ చేసిన గొప్ప మేలు. పంది మాంసం విషయంలో, మత్తు పానీయాల విషయంలో 'కొంచెం' అనే మాటకు తావు లేదు. ఎక్కువైతే మత్తెక్కించేది కొద్దిగానైనా నిషిద్ధమేనని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు.

అయితే ధర్మసమ్మతమైన ఆహారం సంగతి వేరు. అక్కడ 'తినవచ్చా?' అనే ప్రశ్నకు జవాబు ఎప్పుడో వచ్చేసింది. మిగిలింది 'ఎంత?' అనే ప్రశ్న. మొదటి ప్రశ్నకు అవును, కాదు అనే రెండే జవాబులు. రెండో ప్రశ్నకు మెట్లుంటాయి. అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయతులో తినండి, తాగండి అనే అనుమతి, మితిమీరకండి అనే హెచ్చరిక రెండూ కలిసే ఉన్నాయి. మొదటి ప్రశ్నకు ఇచ్చే జవాబును రెండో ప్రశ్నకు ఇవ్వడమే మనం చేస్తున్న పొరపాటు. మిఠాయి తగ్గించుకోవలసిన వ్యక్తి దాన్ని హరామ్ చేసుకుంటాడు. ఒక చెంచా తినగానే పాపం చేసినట్లు కుంగిపోతాడు. ఆ నిరాశలోనే గిన్నె ఖాళీ చేస్తాడు.

దైవప్రవక్త (స) ఒకసారి తమ సతీమణుల సంతోషం కోసం ఇక తేనె తాగనని అన్నారు. అల్లాహ్ ధర్మసమ్మతం చేసిన దాన్ని ఎందుకు నిషేధించుకుంటున్నారని అత్తహ్రీమ్ సూరా ఆరంభంలోనే ఆయన్ను ప్రశ్నించడం జరిగింది. హలాల్ వస్తువును 'ఇది నాపై హరామ్' అని పలకడం ప్రమాణంతో సమానమని, దాన్ని తింటే ప్రమాణభంగానికి పరిహారం (కఫ్ఫారా) చెల్లించాలని హనఫీ ధర్మవేత్తలు చెప్పారు. కాబట్టి నోరు జారేముందు ఆలోచించాలి.

రోజా చెడినా రోజు చెడలేదు

ఇక తప్పు జరిగిపోయిన తర్వాతి సంగతి చూద్దాం. రమజాన్‌లో ఒకతను మరచిపోయి తిన్నాడు. అతను తన రోజాను పూర్తి చేసుకోవాలని, అతనికి తినిపించింది, తాగించింది అల్లాహ్‌యేనని దైవప్రవక్త (స) చెప్పారు (బుఖారీ, ముస్లిం).

మరొకతను ఏ కారణమూ లేకుండా, బుద్ధిపూర్వకంగా రోజా భంగం చేశాడు. అది ఘోరమైన పాపం. అతను తౌబా చేసుకోవాలి, ఆ రోజాను మళ్లీ పాటించాలి, కొన్ని సందర్భాల్లో కఫ్ఫారా కూడా చెల్లించాలి. మరి ఆ రోజు మిగిలిన సమయంలో 'ఎలాగూ పోయింది' అని తింటూ కూర్చోవచ్చా? కూడదు. సూర్యాస్తమయం వరకు అన్నపానీయాలకు దూరంగానే ఉండాలని మన ధర్మవేత్తలు ఆదేశించారు. దీన్ని ఇమ్సాక్ అంటారు. అది రోజాగా లెక్కకు రాదు. అయినా రమజాన్ దినపు గౌరవం మిగిలే ఉంది. రోజా చెడింది గాని, రోజు చెడలేదు.

అంతటి పాపం జరిగాక కూడా మిగిలిన పూటను వదిలేయడానికి షరీఅత్ ఒప్పుకోలేదు. అలాంటప్పుడు పాపమే కాని ఒక చెంచా మీఠా కోసం రోజంతా వదిలేయడం ఎక్కడి న్యాయం? భోజనం మొదట్లో బిస్మిల్లాహ్ మరచిపోతే, గుర్తొచ్చిన చోటే ఆరంభానికీ అంతానికీ కలిపి అల్లాహ్ పేరు తలచుకోమన్నారు దైవప్రవక్త (స). మరచిపోయాం కాబట్టి ఇక అవసరం లేదని అనలేదు.

భోజన మితం గురించి తిర్మిజీలో ప్రసిద్ధమైన హదీసు ఉంది. నడుము నిలబెట్టే కొన్ని ముద్దలు మనిషికి చాలన్నారు. అంతటితో ఆగలేదు. అలా కుదరకపోతే కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు ఉంచమన్నారు. చూడండి, పై మెట్టు అందుకోలేని వాణ్ణి కిందికి తోసేయలేదు, రెండో మెట్టు చూపించారు.

అతి నిష్ఠ కూడా ఇలాంటిదే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ప్రతి దినం ఉపవాసం ఉండేవారు. శరీరానికీ హక్కు ఉందని చెప్పి, నెలకు మూడు చాలన్నారు దైవప్రవక్త (స). ఆయన ఇంకా ఎక్కువ కావాలని కోరగా, చివరికి దినం విడిచి దినం వద్ద ఆపారు. వృద్ధాప్యంలో ఆయన, ఆ సడలింపును అప్పుడే స్వీకరించి ఉంటే బాగుండేదని అనుకున్నారు.

కనుక పథ్యం తప్పినప్పుడు రేపటి కోసం చూడకండి, తర్వాతి ముద్ద నుంచే సరిదిద్దుకోండి. శిక్షగా మరుసటి పూట పస్తు ఉండకండి. మందులు వాడే షుగర్ రోగులకు అది ప్రమాదం. అనారోగ్యం వల్ల కొన్ని రోజాలు తప్పితే, డాక్టరునూ ఆలింనూ సంప్రదించి, పాటించగలిగినవి పాటించండి. అసలే పాటించలేని రోగికి అల్లాహ్ సడలింపు ఇచ్చాడు, దాన్ని అవమానంగా భావించకండి. పస్తులుండటం, ఆపై చాటుగా అదుపు లేకుండా తినడం ఎవరికైనా ఆగకుండా సాగుతుంటే అది జబ్బు. దానికి వైద్యం చేయించాలి, నిందించకూడదు. విందు ఇచ్చే సోదరులారా! వద్దన్న వారికి బలవంతంగా వడ్డించడం ఆతిథ్యం కాదు.

ఆ పెద్దాయనకు మసీదులో మేము చెప్పింది కూడా ఇంతే: "చాచా, ఆ రోజు మీరు తప్పింది ఒక్క చెంచా. మిగతాదంతా మీరే వదిలేశారు. రేపటిదాకా ఎందుకు, ఈ రాత్రి భోజనం ఇంకా మీ చేతిలోనే ఉంది."

అల్లాహ్ మనకు మితాన్ని, జారిన చోటే మళ్లీ నిలబడే బలాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.