వెనక పంక్తికి

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు కొండల్లో ఎన్‌చాంట్‌మెంట్స్ అనే సరస్సులున్నాయి. వాటి ఒడ్డున లార్చ్ చెట్లు. సూదుల్లాంటి ఆకులున్న చెట్లు సాధారణంగా ఏడాదంతా పచ్చగానే ఉంటాయి కదా! ఇవి మాత్రం సెప్టెంబరు చివర్లో బంగారంలా పండి, కొద్ది వారాల్లో మోడులైపోతాయి. ఆ రోజుల్లో వీపున మూట కట్టుకెళ్లి అక్కడ రాత్రి ఉండాలంటే లాటరీలో పేరు రావాలి.

దేవుడిచ్చిన కొండకి చీటీలేమిటండీ అనిపిస్తుంది. కానీ అంత ఎత్తున వేసవి బహు చిన్నది. కాలికింద నలిగిన మొక్క తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. అందరం ఒక్కసారే వెళితే చూడ్డానికేం మిగులుతుంది? డబ్బు ఎక్కువిచ్చినవాళ్లకే అంటే అన్యాయం గానీ, చీటీకి గొప్పా పేదా తెలీదు.

పెళ్లిలో లడ్డూ వడ్డిస్తూ, వెనక పంక్తి కోసం మనం చెయ్యి బిగబట్టమూ? అది పిసినారితనం కాదు. పేరు రానివాళ్లు ఊరికే పోగొట్టుకోలేదు. ఇంకా పుట్టనివాళ్ల విస్తట్లో వడ్డించారు.