పూటకూళ్ల ఇంటివాడు

మంచి సమరీయుడి ఉపమానంలో ఒక మనిషిని ఎవరూ పట్టించుకోరు. మా నాన్నగారు ఫిరంగిపురం చుట్టుపక్కల పల్లెల్లో ఉపదేశిగా పనిచేశారు, కాబట్టి ఆ కథ నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ తెలుసు. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారిలో దొంగలు ఒకణ్ణి కొట్టి పడేస్తారు. యాజకుడు చూసి తప్పుకుని పోతాడు, లేవీయుడూ అంతే. సమరీయుడు ఆగుతాడు. గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి, కట్టు కట్టి, తన వాహనం మీద ఎక్కించుకుంటాడు. మనం వినే ప్రసంగాలు చాలావరకు ఇక్కడే ముగుస్తాయి. లూకా ఇక్కడ ముగించలేదు. సమరీయుడు ఆ మనిషిని తన ఇంటికి తీసుకుపోలేదు. పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. మర్నాడు రెండు దేనారాలు ఇంటివాడి చేతిలో పెట్టి, ఇతణ్ణి చూసుకో, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని చెప్పి తన పని మీద వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆ గాయపడ్డవాడికి గంజి పోసిందెవరు? కట్లు మార్చిందెవరు? అర్ధరాత్రి మూలిగితే దీపం పట్టుకుని లేచి వెళ్లిందెవరు? డబ్బు తీసుకున్నవాడు. డబ్బు తీసుకుని చేసింది దయ అవుతుందా? నాకు ఇది పుస్తకాల్లో ప్రశ్న కాదు. నేను ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేశాను. "జీతం తీసుకుంటున్నావుగా, చెయ్యి" అనే మాట రోగుల బంధువుల నోట ఎన్నో రాత్రులు విన్నాను. అదే వార్డుకు ఆదివారం పూట పళ్లు పంచడానికి వచ్చినవాళ్లను అందరూ దేవుడు పంపినవాళ్లనేవారు. వాళ్లు మంచివాళ్లే, కాదనను. కానీ ఆ పళ్లు తిన్న రోగికి బెడ్‌పాన్ పెట్టినవాళ్ల సంగతి ఏమిటి?

ఈ ప్రశ్న మళ్లీ నన్ను పట్టుకున్నది రోములో. 2025 జూబిలీ సంవత్సరం కదా అని అక్టోబరులో మా చెల్లెలూ నేనూ వెళ్లాం. టూరు కంపెనీతో కాదు, మా అబ్బాయి జర్మనీ నుంచి టికెట్లు, గది చూసి పెట్టాడు. పెన్షను డబ్బుతో వెళ్లేవాళ్లం గనుక ధర చూసే ఎంచుకున్నాం. టెర్మినీ స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో ఒక పాత ఐదంతస్తుల భవనం, అందులో మూడో అంతస్తు మాత్రమే హోటలు. మిగతా అంతస్తుల్లో కాపురాలు, ఒక దంతవైద్యుడు. లిఫ్టులో మనిషీ పెట్టే కలిసి పట్టవు. పెట్టెలను పైకి పంపి మేం మెట్లెక్కాం. రెండు మంచాల మధ్య మోకాళ్లు పట్టేంత సందు. కిటికీ తెరిస్తే ఇరుకు వాకిలి, ఎదురింటి తీగ మీద ఆరేసిన బట్టలు. కింద వీధిలో తెల్లవార్లూ రాళ్ల బాట మీద సూట్‌కేసు చక్రాల చప్పుడు. ఆ పేట పేరు ఎస్క్విలీనో. వీధికి రెండు బంగ్లాదేశీ కొట్లున్నాయి. పియాజ్జా విట్టోరియో దగ్గరి మార్కెట్టులో బెండకాయలు, కొత్తిమీర, పచ్చిమిరపకాయలు చూసి మా చెల్లెలికి ప్రాణం లేచొచ్చింది.

అక్కణ్ణుంచి పది నిమిషాలు నడిస్తే సాంటా మరియా మజ్జోరె మహాదేవాలయం. పోప్ ఫ్రాన్సిస్ సమాధి అక్కడే ఉంది, రాతి మీద ఆయన పేరు ఒక్కటే లాటిన్‌లో చెక్కి ఉంటుంది. ప్రధాన పీఠం కింద, మెట్లు దిగితే, స్ఫటికపు పేటికలో కొన్ని కొయ్యముక్కలు కనిపిస్తాయి. బాలయేసును పరుండబెట్టిన పశువుల తొట్టివని శతాబ్దాలుగా భక్తులు నమ్ముతున్నారు. అందులో ఒక చిన్న ముక్కను 2019లో ఫ్రాన్సిస్ పాపుగారు బెత్లెహేముకు తిరిగి పంపించారు. సత్రంలో చోటు దొరకని కుటుంబం గుర్తును ఇన్ని హోటళ్ల నడుమ దాచుకున్న పేట ఇంకెక్కడుందో! మోకరించి జపమాల చెప్పుకున్నాను. బెత్లెహేములో చోటు లేదన్నవాడినీ, యెరికో దారిలో చోటిచ్చినవాడినీ లూకాయే మనకు చెప్పాడన్న సంగతి అక్కడే తట్టింది.

మా హోటల్లో రాత్రి డ్యూటీ ఒక బంగ్లాదేశ్ అబ్బాయిది. షరియత్‌పూర్ వాళ్లది. సినిమాలు చూసి నేర్చిన హిందీతో మమ్మల్ని ఆంటీ అనేవాడు. పాస్‌పోర్టులు తీసుకుని వివరాలు కంప్యూటర్లో కొట్టేవాడు. ఇటలీలో బస చేసినవాళ్ల వివరాలు ఇరవై నాలుగు గంటల్లో పోలీసులకు అందాలి, ముస్సోలినీ కాలం నాటి చట్టం. మేం వెళ్లినప్పుడు ఆ హోటల్లో నగర పన్ను మనిషికి రాత్రికి 5 యూరోలు, అది వేరే కట్టాం. అంతా లెక్కే, అంతా రసీదే.

ఒక రాత్రి చెల్లెలికి నిద్రపట్టక ఇద్దరం ముందు గదిలో కూర్చున్నాం. పన్నెండు దాటాక ఒక పోలండు ముసలావిడ వచ్చింది. మెడలో యాత్రికుల గుర్తింపు కార్డు, చేతిలో చార్జింగు అయిపోయిన ఫోను. తన గుంపు నుంచి తప్పిపోయి, ఆ రాత్రికి ఎక్కడైనా పడుకుంటే చాలన్నట్టుంది. మిషను మీద కార్డు పెడితే ఎర్రదీపం. మళ్లీ పెడితే మళ్లీ అదే. డబ్బు కట్టనిదే తాళం ఇవ్వకూడదన్నది యజమాని నియమం, బల్ల మీద నాలుగు భాషల్లో రాసి ఉంది. అబ్బాయి మిషను వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. పాస్‌పోర్టు తీసుకుని వివరాలు ఎక్కించాడు. కొక్కేనికున్న తాళం తీశాడు. తన జేబులోని చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుని గది దాకా తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక అడిగాను, పొద్దున యజమాని అడిగితే ఏం చెబుతావని.

"నా జీతంలో పట్టుకుంటాడు ఆంటీ. ముసలావిడ, ఈ వేళప్పుడు స్టేషను దగ్గర ఎక్కడ పడుకుంటుంది? రాత్రిపూట ఈ తలుపు నాది కదా."

మర్నాడు ఆవిడ గుంపు నాయకుడు వచ్చి డబ్బు కట్టాడు. కానీ తాళం తీసేటప్పటికి ఆ అబ్బాయికి ఆ సంగతి తెలీదు. నన్ను నిలబెట్టింది అదే. పూటకూళ్ల ఇంటివాడికీ తెలీదు. ద్రాక్షతోట కూలీల ఉపమానం ప్రకారం ఒక దేనారం ఒక రోజు కూలి. అంటే అతని చేతిలో పడ్డది రెండు రోజుల కూలి. దొంగలు సగం చంపి పడేసిన మనిషి రెండు రోజుల్లో లేచి నడవడు, ఆ మాట నర్సుగా చెబుతున్నాను. ఆ పైన పెట్టిందంతా ఒక మాట మీద పెట్టాలి. ఆ మాట ఎవరిది? యూదులు గడప తొక్కనివ్వని జాతివాడిది, మళ్లీ వస్తాడో రాడో తెలియని ప్రయాణికుడిది. సమరీయుడు పరాయివాణ్ణి చూసి జాలిపడ్డాడు. ఇంటివాడు పరాయివాణ్ణి నమ్మాడు. రెండోది తేలికని నేననుకోను.

పూర్వపు సభాపితరులు ఇతణ్ణి పూర్తిగా వదిలేశారనలేం. సమరీయుడు క్రీస్తు, పూటకూళ్ల ఇల్లు తిరుసభ, ఇంటివాడు అపోస్తలుడైన పౌలు అని అగస్టీను వివరించాడు. పౌలు డేరాలు కుట్టి సొంత చేతుల కష్టంతో బతుకుతూ సువార్త చెప్పాడు గనుక, అడిగినదాని కంటే ఎక్కువ ఖర్చుపెట్టినవాడయ్యాడట. కర్తవ్యాన్ని మించి చేసే పుణ్యకార్యాలనే వేదాంత సిద్ధాంతం ఈ 'ఇంకా ఖర్చయితే' అన్న చోటనే వేళ్లూనింది. పునీతులు అలా మించి చేసిన పుణ్యమంతా క్రీస్తు పుణ్యంతో కలిసి తిరుసభ ఖజానాలో ఉందని, 1350 జూబిలీ కోసం ఆరవ క్లెమెంట్ పాపుగారు 1343లోనే ప్రకటించారు. మేం పవిత్ర ద్వారం దాటి కోరుకున్న ఇండల్జెన్స్, అంటే పాపశిక్ష మాఫీ, ఆ ఖజానాలోదే. అంటే లోకంలోని యాత్రికులంతా రోముకు పరుగెత్తిన ఆ జూబిలీ వెనక ఎక్కడో ఒక హోటలువాడి బాకీ చిట్టా ఉంది! మా అత్తవారి వైపు గుంటూరు లూథరన్లు దీన్ని ఒప్పుకోరు. చేయవలసినదంతా చేశాక కూడా మనం పనికిమాలిన దాసులమే అనుకోవాలని అదే లూకా సువార్తలో ప్రభువు చెప్పాడు కదా అంటారు. వాళ్ల మాటలోనూ బరువుంది.

నా అభ్యంతరం వేరే. అగస్టీను ఇంటివాణ్ణి అపోస్తలుణ్ణి చేసి పెద్ద పీట వేశాడు, కానీ ఆ పీట కింద దేనారాలు కనపడకుండా పోయాయి. ఇంటివాడు ఇంటివాడుగానే ఉండి, కూలి తీసుకుంటూనే, దేవుడి పనిలో భాగస్తుడు కాకూడదా?

మన దేశంలోనూ ఈ చిన్నచూపు తక్కువేం కాదు. అన్నం పెట్టడం పుణ్యం, అన్నం అమ్ముకోవడం పాపం అనేవారు పెద్దలు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఏ వేళకు ఎవరొచ్చినా వండి వడ్డించేవారు. అంతర్వేది స్వామి దర్శనానికి బయల్దేరి, దారిలో ఎవరో ఆకలితో తన ఇంటికే వస్తున్నారని విని, యాత్ర మానుకుని వెనక్కి తిరిగారని చెబుతారు. అటువంటి తల్లికి ఎన్ని దండలు వేసినా తక్కువే. కానీ ఆ రోజుల్లోనే ఊరూరా బతుకుతెరువుకు పూటకూళ్లు పెట్టిన విధవలు ఎందరో ఉన్నారు. కచేరీ పనికొచ్చినవాడికీ, చదువుకోవడానికొచ్చిన కుర్రాడికీ వేళకింత వేడి అన్నం వాళ్ల చేతి మీదే అందింది. వాళ్లలో ఒక్కరి పేరైనా మిగల్లేదు. 'కన్యాశుల్కం'లో ఉన్నావిడకు కూడా పేరు లేదు, పూటకూళ్లమ్మే. నర్సు సంబంధం వద్దని నాకు వచ్చిన పెళ్లివారు వెనక్కి పోయినప్పుడు మా నాన్నగారు ఒక మాటన్నారు: "ముట్టుకోవడానికి జీతం పుచ్చుకున్నావని వాళ్ల బాధ. ముట్టుకోనివాళ్లను లూకా ఏమన్నాడో వాళ్లకు తెలీదు."

గదులు శుభ్రం చేసే ఆవిడ పెరూ దేశస్థురాలు. ఒక పొద్దున నేను గదిలో ఉండగా వచ్చింది. పాత దుప్పటి లాగేసి, కొత్తది గాలిలో ఒక్కసారి విదిలించి పరిచింది. మూలలు పరుపు కిందికి మడిచింది. అక్కడితో ఆపొచ్చు, పైన ఎలాగూ కంబళి కప్పుతారు, ఎవరూ చూడరు. కానీ ఆవిడ అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి తలవైపు నుంచి కాళ్లవైపు దాకా నెమ్మదిగా రాసింది, ఒక చోట ముడత తగిలితే మూల మళ్లీ విప్పి లాగి కట్టింది. నాకు ఒళ్లు జలదరించింది. కదల్లేని రోగి నడుము కింద దుప్పటి ముడత ఉంటే రెండు రోజుల్లో పుండవుతుంది. మా మొదటి పాఠం ఆ అరచెయ్యే. దిండు మీద మరిచిపోయిన నా జపమాలను తీసి, గుండ్రంగా చుట్టి, బల్ల మీద మడిచిన కాగితపు రుమాలు మీద పెట్టింది.

చెల్లెలి ఫోనులోని అనువాదంతో కాసేపు మాట్లాడుకున్నాం. ఆవిడకు జీతమిచ్చేది హోటలు కాదట, ఒక కాంట్రాక్టరు. గదికింత అని లెక్క. ఆ ముడత సరిచేసిన నిమిషానికి ఎవరూ కట్టరు.

దయకు కూలి పుచ్చుకోవచ్చు అనేవాళ్లం ఇక్కడ గట్టిగా మాట్లాడాలి. సేవ అంటూ దండం పెట్టి కూలి తగ్గించే అలవాటు లోకమంతటా ఉంది. సమరీయుడు బేరమాడలేదు, ముందే ఇచ్చాడు, మించితే ఇస్తానన్నాడు. కూలివాడి కూలి ఎగ్గొట్టడం ఆకాశానికి మొరపెట్టే నాలుగు పాపాల్లో ఒకటని మా నాన్నగారు పిల్లల చేత కంఠతా పట్టించేవారు. 2025 మే నెలలో ఎన్నికైన కొత్త పాపుగారు లియో అన్న పేరు ఎందుకు పెట్టుకున్నారో రెండు రోజులకే కార్డినల్సుకు చెప్పారు: పదమూడవ లియో 1891లో కార్మికుల పక్షాన రాసిన 'రేరుం నోవారుం' లేఖ కోసమని. ఇద్దరూ ఒప్పుకున్న కూలి అయినంత మాత్రాన న్యాయం కాదు, దాంతో మనిషి బతకగలగాలి అని ఆ లేఖ చెబుతుంది.

మా చెల్లెలు మాత్రం ఒప్పుకోవడం లేదు. "ఆ అబ్బాయి మంచివాడు కాబట్టి తలుపు తీశాడక్కా. జీతానికే చేస్తే నియమం చూపించి పంపేసేవాడు" అంటుంది. మంచివాడే. ఆ రాత్రి రోములో మంచివాళ్లు లక్షల మంది ఉండి ఉంటారు, నిద్రపోతున్నారు. ఆవిడ వచ్చిన వేళకు తలుపు దగ్గర మెలకువగా ఉన్నవాడు అతనొక్కడే, అతణ్ణి అక్కడ కూర్చోబెట్టింది ఆ కూలే. మంచితనానికి నిలబడే చోటు కావాలి, చాలామందికి ఆ చోటు ఉద్యోగమే.

వచ్చే నెల మా గుడి మరియదళం సమావేశంలో దీని మీద మాట్లాడమన్నారు. రోము కబుర్లు చెబుతానని అందరూ ఎదురుచూస్తున్నారు, అవీ చెబుతాను. మొదట మాత్రం, రోజూ నాలుగింటికే లేచొచ్చి మన గుడి ఊడ్చే ఆవిడకు నెలకు ఎంత ఇస్తున్నామో అడుగుతాను.